పాత వీడియో గేమ్స్ కలెక్షన్ స్టార్ట్ చేద్దామనుకుంటున్నా, 15 వేల బడ్జెట్, దేంతో మొదలుపెట్టాలి?

కూకట్‌పల్లి_కుర్రోడు
అందరికీ నమస్తే. చాన్నాళ్ల నుంచి చదువుతున్నా కానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదలు. చిన్నప్పుడు మా ఇంట్లో టీవీకి పెట్టుకునే గేమ్ ఉండేది, పసుపు రంగు కేసెట్, మారియో, కాంట్రా, ట్యాంక్ గేమ్, సర్కస్ అన్నీ అందులోనే. తర్వాత డిగ్రీలో రూమ్మేట్ దగ్గర పీఎస్2 (ప్లేస్టేషన్ 2). ఇప్పుడు జాబ్ ఉంది, నాకంటూ ఒక గది ఉంది, 15 వేలు పక్కన పెట్టా. యూట్యూబ్‌లో అమెరికావాళ్ల గదులు చూస్తే ఒక గోడ గోడంతా గేమ్సే, చూసినప్పుడల్లా మనకీ ఉండాలి అనిపిస్తుంది. ఇక్కడేమో ఏది ఎక్కడ దొరుకుద్దో, ఏది ఒరిజినలో ఏది కాపీనో ఒక్క ముక్క తెలీదు. నింటెండో కొనాలా, సెగా కొనాలా, పీఎస్2తో మొదలెట్టాలా? ఇంట్లో ఎల్ఈడీ టీవీ ఉంది, దానికి పనిచేస్తాయా? సీనియర్లు కాస్త చెప్పండి.

ముస్తఫా_ఫ్యాన్
వెల్‌కమ్ బ్రో. 15 వేలు అని ముందే చెప్పేశావ్, ఇక ఎవడూ 14కి అమ్మడు నీకు 😂

పాతసామాను_పాషా
తమ్మీ ముందుగాల ఆ గోడ సంగతి మర్చిపో. అమెరికాల ఆ సామాన్లు ప్రతి ఇంట్ల ఉండె, పాతగైనంక గ్యారేజ్ సేల్‌ల పెట్టిన్రు, అందుకే వాళ్లకు గోడలు నిండుతయ్. మనకాడ గట్ల కాదు. 1995ల సెగా మెగా డ్రైవ్ మన దేశంల షా వాలెస్ కంపెనీ ద్వారా వచ్చింది, ధర ఎంతో తెలుసా, 18 వేలు. అప్పట్ల 18 వేలు పెట్టి పిల్లగానికి గేమ్ కొనేటోడు ఎంతమంది ఉంటరు చెప్పు. ఇయ్యాల నువ్వు మెగా డ్రైవ్ కోసం ఎర్రగడ్డల ఎంత తిరిగినా దొరకది, దొరికితే అది కాపీ అయితది.

నువ్వు ఆడిన పసుపు కేసెట్ ఫామికామ్ కాపీది, ఫామికామ్ అంటే నింటెండో జపాన్‌ల అమ్మిన టీవీ గేమ్. ఫామికామ్ 1983 జులైల జపాన్‌ల వచ్చింది, దాని కేసెట్‌కు 60 పిన్నులు. అమెరికాల 1985ల వచ్చిన నింటెండోకి 72 పిన్నులు, కేసెట్ పెద్దగ ఉంటది. రెండు ఒకదాంట్ల ఒకటి పట్టవ్. యూట్యూబ్‌ల అమెరికా బూడిదరంగు డబ్బా చూసి గదే కొన్నవనుకో, రేపు ఇక్కడ దొరికిన కేసెట్లు ఒక్కటి గూడ అందుల పోదు. నా మాట ఒక్కటే, ఒక లైన్ పట్టుకో. మనకాడ ఆడిన సామానే జమ చెయ్. చవక, దొరుకుతది, ఇంకోటి ఏందంటే దీన్ని ఎవ్వడు జాగ్రత్త చేస్తలేడు. అమెరికా మారియో కేసెట్ లక్షల మంది దాచిన్రు, మనకాడ అమ్మిన లిటిల్ మాస్టర్ అనే కాపీ గేమ్ డబ్బా అట్టపెట్టెతో సహా ఎవని దగ్గరుంది?

ఎక్కడంటే, ఆదివారం పొద్దున ఎర్రగడ్డ, గురువారం జుమ్మేరాత్ బజార్. ఎండ ఎక్కకముందే పో. వైర్లు, అడాప్టర్లు, పిన్నులకు కోఠి గుజరాతీ గల్లీ. ఇంక అన్నిటికంటే పెద్ద బజార్ మీ చుట్టాల ఇండ్ల అటకలు, సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు అడుగు.

ఎమ్యులేటర్_ఏడుకొండలు
ఏం సామీ ఇంకా ఈ కాలంలో కేసెట్లు కేసెట్లు అంటారు. మూడు నాలుగు వేలు పడేస్తే చైనా చేతి గేమ్ వస్తాది, దాంట్లో ఫామికామ్, సెగా, గేమ్‌బాయ్, పీఎస్1 అన్నీ ఆడుకోవచ్చు. టీవీకి కావాలంటే పాత ల్యాప్‌టాప్‌లో రెట్రోఆర్క్ అని ఎమ్యులేటర్ (పాత గేములు ఆడించే సాఫ్ట్‌వేర్) ఏస్కో. దుమ్ములో తిరిగి పనిచేయని డబ్బాలు తెచ్చుకుని పెళ్లాంతో తిట్లు తినేదెందుకు?

కూకట్‌పల్లి_కుర్రోడు
పెళ్లి ఇంకా కాలేదు అన్నా 😅 చేతి గేమ్ ఉంది నా దగ్గర, నిజం చెప్పాలంటే 5000 గేమ్స్ ఉన్నాయి, ఒక్కటి కూడా పది నిమిషాలకి మించి ఆడలేదు.

పిక్సెల్_పాప
@ఏడుకొండలు గారు, ఆయన కలెక్షన్ గురించి అడిగారు కదండీ, ఆడటానికి అడిగితే మీరు చెప్పింది కరెక్టే. నేనూ రోజూ ఆడేది ఎమ్యులేటర్ మీదే, ఒరిజినల్స్ వారానికోసారి తీసి పెడతాను.

నాది వైజాగ్, నా లైన్ నింటెండో వాళ్ల చేతి గేమ్, గేమ్‌బాయ్ అడ్వాన్స్. ఎందుకంటే చిన్నవి, బీరువాలో ఒక అర చాలు, టీవీ గొడవ లేదు, కరెంట్ గొడవ లేదు, రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే నడుస్తుంది. కుర్రోడు గారికి గది ఉంది కాబట్టి పర్లేదు, అద్దె ఇంట్లో ఉండేవాళ్లు ముందు దీని గురించి ఆలోచించండి. అయితే దీంట్లో నకిలీలు మాత్రం దారుణం. ఆన్‌లైన్‌లో 600, 800కి పోకెమాన్ ఎమరాల్డ్ "ఒరిజినల్, గుడ్ కండిషన్" అని పెడతారు, కళ్లు మూసుకుని నకిలీ అనుకోవచ్చు. చూసుకోవాల్సినవి చెప్తాను. కేసెట్ కింద బంగారు రంగు కాంటాక్ట్‌లు ఉంటాయి కదా, వాటి పైనే బోర్డు మీద సన్నగా నింటెండో అని ముద్ర ఉంటుంది, మొబైల్ టార్చ్ వేసి ఏటవాలుగా చూస్తే కనిపిస్తుంది. లేబుల్ మీద రెండంకెల నంబర్ నొక్కినట్టు గుంటపడి ఉండాలి, వేలితో రాస్తే తెలుస్తుంది, నకిలీల్లో ఎక్కువగా అది ఉండదు. ఎమరాల్డ్ ప్లాస్టిక్ పచ్చగా లోపల కనిపించేలా ఉంటుంది, గట్టి పచ్చరంగు అయితే వదిలేయండి. పోకెమాన్ ఫైర్ రెడ్‌లో ఆన్ చేయగానే "వన్ ఎమ్ సబ్ సర్క్యూట్ బోర్డ్" లేదంటూ మెసేజ్ వస్తే ఇక చెప్పక్కర్లేదు, అది నకిలీయే, సేవ్ కూడా అవ్వదు. అమ్మేవాళ్లని వెనకవైపు, కిందవైపు ఫోటో అడగండి. పంపకపోతే మీకు సమాధానం వచ్చేసినట్టే.

సోల్డరింగ్_శాస్త్రి
బాబూ కుర్రోడూ, నేను విజయవాడలో రిపేర్లు చేస్తుంటాను, పాషా గారు చెప్పిన లైన్ బావుంది. కొనేటప్పుడు ఏం చూడాలో నేను చెప్తా, ఎందుకంటే నా టేబుల్ మీదకి వచ్చేవాటిల్లో సగం పైన అడాప్టర్ తప్పుగా పెట్టి కాల్చుకున్నవే.

ఈ కాపీ గేములకి మామూలుగా 9 వోల్టుల డీసీ కావాలి. లోపల 7805 అని మూడు కాళ్ల రెగ్యులేటర్ ఒకటి చిన్న అల్యూమినియం రేకుకి బిగించి ఉంటుంది, అది 9ని 5 చేసి బోర్డుకి ఇస్తుంది. సమస్య ఎక్కడంటే పిన్ను పోలారిటీ. ఫామికామ్ ఒరిజినల్‌కి మధ్య పిన్ను మైనస్, మనం ఇప్పుడు రౌటర్లకి, సెటాప్ బాక్సులకి వాడేవాటికి మధ్య పిన్ను ప్లస్. కాపీల్లో ఒక్కోడు ఒక్కోలా చేశాడు. కాబట్టి డబ్బా అడుగున సున్నా మధ్యలో చుక్క ఉన్న బొమ్మ చూసుకుని, అడాప్టర్ మీద కూడా అదే బొమ్మ ఉందో లేదో చూసి అప్పుడు పెట్టాలి. బొమ్మ అరిగిపోతే మల్టీమీటర్‌తో చూడాలి, పిన్ను బయటి రింగ్ నుంచి బోర్డు గ్రౌండ్‌కి బీప్ వస్తే మధ్యది ప్లస్ అన్నమాట. ఇదొక్కటి నేర్చుకుంటే వెయ్యి రూపాయలు మిగిలినట్టే.

ఇక జపాన్ నుంచి ఒరిజినల్ ఫామికామ్ తెప్పించుకునేవాళ్లు దాంతో వచ్చే అడాప్టర్ ఇక్కడి ప్లగ్‌లో పెట్టకండి, అది 100 వోల్టులది, మన 230కి పెట్టగానే పొగే. దాన్ని గుర్తుకి దాచుకుని, ఇక్కడ మధ్య మైనస్ ఉన్న 9 వోల్ట్ డీసీ అడాప్టర్ ఒకటి వాడుకోండి, ఆంపియర్ ఒకటి దాకా ఉంటే చాలు. అమెరికా నింటెండో అడాప్టర్ అయితే ఇంకో తిరకాసు, దాని ఔట్‌పుట్ ఏసీ. అది ఫామికామ్‌కి అస్సలు పెట్టకూడదు.

కేసెట్ల విషయానికొస్తే, నోటితో ఊదడం మానేయండి. ఊదినప్పుడు పనిచేసేది ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినందుకు. నోటి తడి పిన్నుల మీద పడి నెమ్మదిగా నల్లబడుతుంది. మొబైల్ రిపేర్ సామాన్ల షాపులో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అని అడిగితే సీసా ఇస్తాడు, చెవిపుల్లకి అద్ది పిన్నుల మీద నిలువుగా రుద్దండి, పుల్ల నల్లగా రావడం ఆగేదాకా. మరీ మొండిగా ఉంటే పెన్సిల్ రబ్బర్‌తో తేలిగ్గా. గరుకు కాగితం మాత్రం పట్టకండి, పిన్నుల మీద పూత పోతే ఇక అంతే.

ముస్తఫా_ఫ్యాన్
శాస్త్రి గారూ మా జనరేషన్ అంతా ఊదే కదా పెరిగింది, ఇప్పుడు వచ్చి సైన్స్ చెప్తున్నారు

సోల్డరింగ్_శాస్త్రి
ఊదినవాళ్ల కేసెట్లన్నీ ఇప్పుడు నా దగ్గరకే వస్తున్నాయి నాయనా, నాకు మంచిదే.

న్యూజెర్సీ_నాని
మంచి థ్రెడ్. ఇక్కడి నుంచి ఒక మాట. ప్రతి డిసెంబర్‌లో ఇండియా వచ్చేటప్పుడు ఎవడో ఒక ఫ్రెండ్ "రేయ్ నింటెండో తీసుకురా" అంటాడు. ఇక్కడ కూడా చవక అనుకోకండి, 2020 లాక్‌డౌన్ టైమ్‌లో ధరలు బాగా ఎగిరాయి, అప్పటి నుంచి గ్యారేజ్ సేల్‌లో పెట్టే పెద్దావిడ కూడా ముందు ఫోన్‌లో ప్రైస్‌చార్టింగ్ సైట్ చూసుకుని రేటు చెప్తుంది. పైగా అమెరికా సామానంతా 120 వోల్టులు, 60 హెర్ట్జ్, టీవీ సిగ్నల్ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మనదేమో పాల్. మన పాత పాల్ పద్ధతి డబ్బా టీవీకి పెడితే చాలాసార్లు బ్లాక్ అండ్ వైట్‌లో వస్తుంది. బూడిదరంగు నింటెండోలో లాకౌట్ చిప్ కూడా ఉంటుంది, వేరే ప్రాంతం కేసెట్ పెడితే వెలుగుతూ ఆరుతూ ఉంటుంది తప్ప గేమ్ రాదు. ఫామికామ్‌లో ఆ చిప్పే లేదు, అందుకే లోకమంతా దాన్నే కాపీ కొట్టింది.

ఇంకొకటి చెప్తే కుర్రోడికి షాక్ కొడుతుంది. నువ్వు చిన్నప్పుడు ఆడిన మారియో ఒరిజినల్ కంటే స్లో బ్రో. మన పాల్ టీవీల కోసం చేసిన కాపీలు సెకనుకి 50 ఫ్రేములు నడుస్తాయి, జపాన్, అమెరికావి 60. అంటే ఆరో వంతు నెమ్మది. పాట శ్రుతి దాదాపు అదే ఉంటుంది, నడక తగ్గుతుంది. నేను ఇక్కడికి వచ్చాక మొదటిసారి ఒరిజినల్ మీద ఆడితే మారియోని ఎవడో తరుముతున్నట్టు అనిపించింది, మొదటి గుంటలోనే పడ్డా.

కూకట్‌పల్లి_కుర్రోడు
ఏంటీ!! అంటే నేను ఎనిమిదో వరల్డ్ దాకా వెళ్లానని ఇన్నాళ్లూ చెప్పుకున్నది స్లో మోషన్‌లోనా 😭

ఎమ్యులేటర్_ఏడుకొండలు
ఆ స్లో మారియో గూడా ఎమ్యులేటర్‌లో వస్తాది, సెట్టింగ్స్‌లో డెండీ అని ఉంటాది, రష్యాలో ఇట్లాంటి కాపీ బాగా అమ్ముడుపోయింది దాని పేరు అది. ఏస్కుంటే అచ్చు మన చిన్నప్పటి స్పీడే. ఊరికే చెప్తున్నా 😀

పాతసామాను_పాషా
ఏడుకొండలన్నా మస్తు చెప్పినవ్, గది నాకు గూడ తెల్వది.

ఎల్ఈడీ టీవీ గురించి ఎవ్వరు చెప్పలే. తమ్మీ, నీ టీవీకి పసుపు ఏవీ పిన్ను ఉందా చూడు, కొత్తవాటికి చిన్న 3.5 ఎంఎం బొక్క ఉంటది, దానికి వేరే వైరు. పనిచేస్తది, కానీ బొమ్మ మసకగ వస్తది, బటన్ ఒత్తినంక మారియో జర ఆలస్యంగ ఎగురుతడు. టీవీల గేమ్ మోడ్ ఉంటే పెట్టు, కొంచెం నయం. ఇంక బాతుల తుపాకి గేమ్ మాత్రం ఎల్ఈడీ మీద అస్సలు కాదు, ఆ తుపాకి డబ్బా టీవీ స్క్రీన్ మీద వెలుగు మెరిసే తీరును పట్టుకుంటది, ఎల్ఈడీల గది లేదు.

అందుకే నా సలహా, ఒక డబ్బా టీవీ సంపాదించు. 14 ఇంచులది లేకపోతే 21. మంది తూకానికి ఇస్తున్రు, అడిగితే ఊరికె ఇచ్చేటోళ్లు గూడ ఉన్నరు, బరువు మోసుకపోతే చాలంటరు. ముందుకు ఏవీ పిన్నులున్నది చూసుకో. మా ఇంట్ల మన ఈసీఐఎల్‌ల తయారైన ఈసీ టీవీ ఉండె, దాన్ని మా అన్న అమ్మేసిండు, ఇప్పటికీ దాని మీద లొల్లి నడుస్తది.

సోల్డరింగ్_శాస్త్రి
డబ్బా టీవీ తెచ్చుకున్నా వెనక మూత మాత్రం తీయకండి బాబూ. ప్లగ్ పీకేసినా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టులు నిలవుంటాయి. యూట్యూబ్ చూసి చేసే పని కాదిది.

పిక్సెల్_పాప
పీఎస్2 మాటే ఎవరూ ఎత్తట్లేదు, ఆయన అడిగారు కదా. అది 2000లో వచ్చింది, ఇప్పటికీ లోకంలో అత్యధికంగా అమ్ముడైన కన్సోల్ అదే, 15 కోట్ల పైనే. 2013 జనవరి దాకా తయారీ నడిచింది. అందుకే ఇప్పటికీ ఇక్కడ ఈజీగా దొరుకుతుంది. ఇబ్బంది ఏంటంటే మన దగ్గర దొరికేవాటిల్లో చాలావాటికి కాపీ డిస్కులు ఆడించే చిప్ వేసి ఉంటుంది, వాటితో వచ్చే డిస్కులన్నీ కాపీ డిస్కులు. డిస్కు అడుగు చూస్తే తెలిసిపోతుంది, ఒరిజినల్ డీవీడీ అయితే వెండి రంగు, సీడీ అయితే నీలం. పీఎస్1 ఒరిజినల్ అడుగు నల్లగా ఉంటుంది. ఊదారంగులో మెరిస్తే ఇంట్లో రాసిన డిస్కే.

పాతసామాను_పాషా
పీఎస్2 అంటే నాకు యాదికొచ్చింది. తమ్మీ నీకు అసలైన కలెక్షన్ చెప్తా ఇను. మన హైదరాబాద్‌ల తయారైన పీఎస్2 గేములు ఉన్నయ్ తెల్సా? 2009ల "హనుమాన్: బాయ్ వారియర్" అని వచ్చింది, చేసింది హైదరాబాద్ కంపెనీ అరోనా టెక్నాలజీస్, పబ్లిష్ చేసింది సోనీ. పూర్తిగ మన దేశంల తయారైన మొదటి కన్సోల్ గేమ్ అదే. అదే ఏడాది "దేశీ అడ్డా" అని ఇంకోటి, గేమ్‌శాస్త్ర వాళ్లది, వాళ్లది గూడ హైదరాబాదే. కబడ్డీ, గిల్లీదండా అన్నీ అందులున్నయ్. ఒక్కొక్కటి పెట్టెతో, లోపలి పుస్తకంతో సహా పట్టు, నీ గోడ మీద అమెరికావాడు చూసి అడిగేది గదే.

న్యూజెర్సీ_నాని
హనుమాన్ గేమ్ మీద ఇక్కడ కొంచెం గొడవ కూడా అయింది. అమెరికాలో ఉండే ఒక హిందూ నాయకుడు, దేవుణ్ణి బటన్లతో ఆడించడం ఏంటి, వెనక్కి తీసుకోండి అని సోనీని అడిగారు. నేను కొనాలని చాలా వెతికా, ఇక్కడ అసలు రిలీజే కాలేదు. పాల్ డిస్కు కాబట్టి నా అమెరికా పీఎస్2 మీద నడవదు కూడా. అయినా కావాలి.

ఎమ్యులేటర్_ఏడుకొండలు
ఆడినోళ్లు ఎవరన్నా ఉండారా? ఎట్టుంది?

పాతసామాను_పాషా
ఆట సంగతి అడగకు అన్న. కెమెరా ఒక దిక్కు, హనుమంతుడు ఒక దిక్కు. రివ్యూలు గూడ ఘోరంగ వచ్చినయ్. కానీ ఫస్ట్ టైమ్ చేసిన్రు, గంతే. ఇది ఆడనీకి కాదు, ఉంచనీకి.

పిక్సెల్_పాప
పాషా అన్న చెప్పిన ఐడియా నాకు బాగా నచ్చింది. ఇంకోటి కూడా కలపొచ్చు, 2010లో వచ్చిన "స్ట్రీట్ క్రికెట్ చాంపియన్స్", ముంబైలోని ట్రైన్ గేమ్స్ అనే కంపెనీ వాళ్లది. ఇవి ఇప్పుడే పట్టుకోవాలి, అప్పట్లో తక్కువ ధరకే అమ్మారు కాబట్టి ఎవరూ జాగ్రత్తగా ఉంచుకోలేదు. పెట్టె ఒకచోట డిస్కు ఒకచోట ఉంటుంది.

నిల్వ గురించి ఒక మాట, ముఖ్యంగా మా సముద్రం పక్కన ఉండేవాళ్లకి. డిస్కుల పెట్టెల్లో పేపర్‌కి బూజు పడుతుంది, కేసెట్ లేబుల్ ఉబ్బుతుంది, సెల్స్ లోపలే వదిలేస్తే కారిపోయి స్ప్రింగులు పచ్చగా తుప్పు పడతాయి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, వానాకాలం ముందు మార్చండి. కిటికీ ఎదురుగా ర్యాక్ పెట్టకండి, ఎండకి ప్లాస్టిక్ పసుపు అయిపోతుంది. పోకెమాన్ గోల్డ్, సిల్వర్ లాంటి కేసెట్లలో సేవ్ అంతా లోపలి బిళ్ల సెల్ మీదే ఆధారపడి ఉంటుంది, అవి పాతికేళ్లవి, కాబట్టి సెల్ అయిపోయి ఉంటే భయపడి వదిలేయకండి, మార్చుకోవచ్చు. రూబీ, సఫైర్, ఎమరాల్డ్‌లో సెల్ పోతే గడియారం ఆగుతుంది తప్ప సేవ్ పోదు.

సోల్డరింగ్_శాస్త్రి
సెల్ మార్చేటప్పుడు రేకులు అతికించి వచ్చే సెల్ కొనండి. మామూలు సెల్ మీద నేరుగా టంకం పెడితే వేడికి పేలే ప్రమాదం ఉంది.

ముస్తఫా_ఫ్యాన్
అందరూ ఇంటి గేమ్సే అంటున్నారు, వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్ల వేసి ఆడిన ముస్తఫా బోర్డు ఎవరైనా కొన్నారా? అదే క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. నాకు మెషీన్ మొత్తం కావాలి

సోల్డరింగ్_శాస్త్రి
1993 క్యాప్‌కామ్ బోర్డు. ఒరిజినల్ బోర్డులో ఒక బ్యాటరీ ఉంటుంది, సౌండ్ ప్రోగ్రాం తాళం తీసే రహస్య కోడ్ దాని మీదే బతుకుతుంది, బ్యాటరీ అయిపోయిందా ఆ భాగం పోతుంది. కొనేముందు ఆన్ చేసి సౌండ్ వస్తుందో లేదో విను. మన షాపుల్లో తిరిగినవి చాలావరకు కాపీ బోర్డులే, వాటికి ఈ బాధ ఉండకపోవచ్చు కానీ వేరే బాధలుంటాయి. ఇంట్లో ఆ మెషీన్ పెట్టే చోటుందా ముందు?

ముస్తఫా_ఫ్యాన్
హాల్లో సోఫా తీసేస్తా

మోడరేటర్
గమనిక: ఈ థ్రెడ్‌లో రోమ్‌ల (కేసెట్ నుంచి తీసిన గేమ్ ఫైళ్ల) డౌన్‌లోడ్ లింకులు పెట్టకండి, రెండు తీసేశాం. అమ్మకాలు కొనుగోళ్లకి వేరే విభాగం ఉంది.

కూకట్‌పల్లి_కుర్రోడు
అప్‌డేట్!! సారీ లేటయింది, ఆఫీసులో రిలీజ్ ఉండింది. పాషా అన్న మాట ప్రకారం ఎర్రగడ్డ వెళ్లా. ఫస్ట్ అంతా మొబైల్ కవర్లు, రిమోట్లు, పాత చార్జర్లే. ఒక ముసలాయన దగ్గర గోనె పట్టా మీద వైర్ల కుప్పలో నల్ల డబ్బా కనిపించింది, మీద బ్రాండ్ పేరు సగం చెరిగిపోయింది, రెండు రిమోట్లు, ఒకదాని వైరు మొదట్లోనే తెగింది, తుపాకి కూడా ఉంది!! కేసెట్లు మూడు, ఒకటి నా పసుపు రంగుదే, "9999999 ఇన్ 1" అని లేబుల్. 1200 చెప్పాడు, 700కి ఇచ్చాడు. పక్క ఫ్రెండ్ వాళ్ల అమ్మమ్మ ఇంట్లో 21 ఇంచుల డబ్బా టీవీ ఫ్రీగా వచ్చింది, ఆటోకి అయిన డబ్బులే ఎక్కువ.

శాస్త్రి గారు చెప్పినట్టు ఇంకా ప్లగ్‌లో పెట్టలేదు. మూత తీసి చూశా. బోర్డు చిన్నగా ఉంది, పెద్ద చిప్పులు ఉంటాయనుకున్నా కానీ మధ్యలో ఒక నల్లటి బొట్టు, గట్టిపడిన తారులా, అంతే. ఆ మూడు కాళ్లది దొరికింది, రేకుకి బిగించి ఉంది. పక్కనే తగరం డబ్బా ఒకటి.

సోల్డరింగ్_శాస్త్రి
ఆ నల్ల బొట్టు కిందే మొత్తం ఫామికామ్ ఉంది బాబూ. ఒరిజినల్‌లో సీపీయూ ఒకటి, బొమ్మకి ఇంకో చిప్ ఒకటి విడివిడిగా ఉంటాయి, కాపీలవాళ్లు రెంటినీ కలిపి ఒక్క చిప్ చేసి పైన ఎపాక్సీ పోసేశారు. అది పోతే బాగు చేయలేం, మిగతావన్నీ చేయొచ్చు. తగరం డబ్బా ఆర్ఎఫ్ మాడ్యులేటర్, యాంటెన్నా వైరుకి బొమ్మ పంపేది. రిమోట్ వైరు తెగిన చోట రెండు అంగుళాలు కోసేసి లోపల మళ్లీ టంకం పెడితే సరిపోతుంది, రంగులు ఫోటో తీసుకున్నాకే కోయి. బటన్లు గట్టిగా నొక్కాల్సి వస్తే కింద రబ్బరు మీద నల్ల కార్బన్ చుక్కల్ని ఐపీఏతో ఊరికే అద్ది తుడువు, రుద్దకు.

న్యూజెర్సీ_నాని
కుర్రోడూ ఆ పసుపు కేసెట్ జాగ్రత్త, నేను సీరియస్‌గా చెప్తున్నా. 9999999 అంటారు కానీ లోపల అసలు గేమ్స్ కొన్నే, మిగతావన్నీ అవే గేమ్‌లు వేరే స్టేజ్ నుంచి మొదలయ్యేవి. ఒక్కో బ్యాచ్‌కి మెనూ వేరు, గేమ్స్ వరస వేరు, టైటిల్ స్క్రీన్‌లో కంపెనీ పేరు చెరిపేసిన తీరు వేరు. ఇలాంటివి లోకంలో కొంతమంది ఒక్కొక్కటిగా కాపీ తీసి భద్రపరుస్తున్నారు. కష్టం ఎక్కడంటే ఒరిజినల్ కేసెట్‌లో ఏ మెమరీ భాగాన్ని ఎప్పుడు చూపించాలో చూసుకునే మ్యాపర్ ఒక పద్ధతిలో ఉంటుంది, ఈ కలగూరగంప కేసెట్లవాళ్లు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు చేసుకున్నారు. అది అర్థం చేసుకుంటే తప్ప ఎమ్యులేటర్‌లో రాదు.

పిక్సెల్_పాప
అదన్నమాట, ఏడుకొండలు గారి ఎమ్యులేటర్‌లో మన చిన్నప్పటి కేసెట్ రావాలంటే ముందు ఎవరో ఒకరు దుమ్ములో తిరగాల్సిందే 😊

ఎమ్యులేటర్_ఏడుకొండలు
ఒప్పుకుంటాండా అక్కా. కుర్రోడా, ఆన్ అయితే మెనూ మొత్తం మొదటి నుంచి చివరిదాకా వీడియో తీసి పెట్టు, నా దగ్గర ఉండే లిస్టుతో పోలుస్తా. మా ఇంట్లో ఉన్నిందానికి మెనూలో సముద్రం, కొంగలు ఎగిరేటివి, పాట గూడా ఉండేది.

పాతసామాను_పాషా
700కి తుపాకితో సహా! తమ్మీ నువ్వు నాకంటే ముందుగాల పోతున్నవ్. ఆ ముసలాయన ఏ దిక్కు కూసుంటడో నాకు మెసేజ్ చెయ్, ఇంకెవ్వలికి చెప్పకు.

కూకట్‌పల్లి_కుర్రోడు
సరే అన్నా 😂 ఇప్పటికి వెయ్యి కూడా దాటలేదు, మిగతాది హనుమాన్, దేశీ అడ్డా కోసం ఉంచుతున్నా. గోడ ఐడియా వదిలేశా, ఒక అర చాలు. శాస్త్రి గారూ, డబ్బా అడుగున బొమ్మ అరిగిపోయింది, మీరు చెప్పినట్టు మల్టీమీటర్ పెట్టి చూశా, బయటి రింగ్ నుంచి గ్రౌండ్‌కి బీప్ రాలేదు, మధ్య పిన్ను నుంచి వచ్చింది. అంటే మధ్యది మైనస్ కదా? ఇంట్లో పాత కీబోర్డ్ అడాప్టర్ ఒకటుంది, 9 వోల్టులు, మా చెల్లి సంగీతం నేర్చుకునేటప్పటిది. పెట్టేయనా?

సోల్డరింగ్_శాస్త్రి
అవును, మధ్య మైనస్. కీబోర్డ్ అడాప్టర్లు చాలావరకు మధ్య మైనస్సే ఉంటాయి కానీ నీదాని మీద ఏం రాసుందో ఫోటో పెట్టు, ఏసీయా డీసీయా, ఎన్ని మిల్లీ ఆంపియర్లు అన్నీ కనిపించాలి. నేను చూసి చెప్పేదాకా ప్లగ్‌లో పెట్టకు.